నల్లరాయి, నిప్పుకొండ: అగ్నిపర్వతం ఎక్కబోయే ఇద్దరు దోస్తులకు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో అగ్నిపర్వతం లేదు. మన కాలంలో పుట్టే అవకాశమూ లేదు. అయినా ఈ మూడు జిల్లాల నుంచి చదువుకో కొలువుకో హైదరాబాద్ చేరిన పిల్లలు ఇప్పుడు వీపున సంచి తగిలించుకొని, తోడుగా ఒక దోస్తును పట్టుకొని, ఇండోనేషియా దీవులైన బాలికో లొంబోక్‌కో బయలుదేరుతున్నారు. సముద్రం చూసి రావడంతో వాళ్లకు తృప్తి లేదు. చీకట్లో లేచి బాలిలోని బటూర్ కొండ ఎక్కి సూర్యోదయం చూడాలి. పక్క దీవి జావాకు పోయి ఇజెన్ కొండలో నీలిమంట చూడాలి. కాళ్లలో సత్తువ ఉంటే లొంబోక్‌లోని రింజానీ కొసదాకా పోవాలి. ఆగస్టు 15, జనవరి 26 వచ్చాయంటే ఆఫ్రికాలోని కిలిమంజారో మీద జెండా పట్టుకున్న తెలుగు పిల్లల ఫొటోలు పత్రికల్లో కనిపిస్తూనే ఉన్నాయి. కిలిమంజారో కూడా అగ్నిపర్వతమే.

ఈ ఉత్సాహం నాకు ఎంతో ఇష్టం. దాన్ని తగ్గించడానికి కాదు, దానికి కాస్త తెలివిడి జోడించడానికే ఈ వ్యాసం. మనకు గుట్ట బాగా తెలుసు. అగ్నిపర్వతం తెలియదు. గుట్ట ఎప్పుడో తయారై, ఇప్పుడు మెల్లగా అరిగిపోతున్న కొండ. అగ్నిపర్వతం ఇంకా తయారవుతున్న కొండ. ఈ ఒక్క తేడా మనసుకు ఎక్కితే, అక్కడి హద్దుగీతలు ఎందుకు గీశారో, గైడు ఎందుకు వద్దంటాడో, ఎక్కడ ఆగాలో మనంతట మనకే తెలుస్తుంది.

ముందు మన రాళ్ల సంగతి చూద్దాం. అగ్నిపర్వతం పాఠం అక్కడే మొదలవుతుంది.

పాలకుర్తి గుట్ట, జఫర్‌గఢ్ కోట గుట్ట, జనగామ చుట్టుపక్కల చేన్ల మధ్య ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లు, ఇవన్నీ గ్రానైట్. గ్రానైట్ అంటే మాగ్మా (భూమి లోపల కరిగిన రాయి) పైకి రాకుండా లోతులోనే చల్లారి గట్టిపడిన రాయి. మన గ్రానైట్‌కు సుమారు 250 కోట్ల ఏళ్లు. లోతులో చల్లారడానికి లక్షల ఏళ్లు పడుతుంది. అంత నింపాదిగా చల్లారితే రాతిలోని పలుకులు పెద్దవిగా పెరుగుతాయి. అందుకే గ్రానైట్ ముక్కను చేతిలోకి తీసుకుంటే తెల్లవి, గులాబీవి, నల్లవి పలుకులు విడివిడిగా కంటికి ఆనతాయి. తర్వాత పైనున్న నేల కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయి, లోపలి రాయి బయటపడింది. పగుళ్లలోకి వాన దిగి, మూలలు ముందు అరిగి, రాళ్లు గుండ్రమయ్యాయి. మన గుండ్లను ఎవరూ తెచ్చి పెట్టలేదు. ఉన్నచోటే అరిగి అలా మిగిలాయి.

ఇదే గ్రానైట్ నేలలో అక్కడక్కడ నల్లటి రాళ్ల వరుస ఒకటి చేన్లను దాటుకుంటూ గోడలా సాగుతుంది. దాన్ని డైక్ (పగులులోకి ఎగదన్ని గట్టిపడిన రాతి గోడ) అంటారు. రాయి పేరు డోలరైట్. పాలిష్ పట్టి నల్ల గ్రానైట్ అని అమ్మే బండల్లో చాలావరకు ఈ జాతి రాయే. గ్రానైట్ ఎప్పుడో గట్టిపడ్డాక, నేల సాగి పగిలినప్పుడు, కింది నుంచి వేడి మాగ్మా ఆ పగుళ్లలోకి ఎక్కింది. ఇలాంటి గోడ ఒకటి కనబడితే దాని అంచు దగ్గర కూర్చొని చూడండి. గ్రానైట్‌ను ఆనుకున్న చోట నల్లరాయి పలుకులు కంటికి ఆనవు. రాయి నున్నగా, బిగుతుగా ఉంటుంది. రెండడుగులు నడిమికి జరిగితే పలుకులు కనిపించడం మొదలవుతాయి. చల్లని గ్రానైట్ తగలగానే అంచు చప్పున గట్టిపడింది. నడిమి భాగం వేడి పట్టుకొని ఆలస్యంగా గట్టిపడింది. రాయి ఎంత త్వరగా చల్లారిందో దాని పలుకు చెబుతుంది. బటూర్ మీద కాలికింద కరకరలాడే లావా ముక్కలో పలుకులు ఎందుకు కనిపించవో, దాన్నిండా చిల్లులే ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమవుతుంది. అది గాలిలో గంటల్లో చల్లారింది. చిల్లులన్నీ బయటికి పోతూ పోతూ చిక్కుకున్న ఆవిరి చోట్లు.

అగ్నిపర్వతం నుంచి పారిన రాయి తెలుగు నేలకు కొత్తేమీ కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నేల నెర్రెలిచ్చి లావా పారింది. దక్కన్ ట్రాప్స్ అనే ఆ పొరలు ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉన్నాయి. వికారాబాద్, జహీరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ ప్రాంతాలు వాటి తూర్పు అంచులు. అక్కడి రేగడి నేలలో ఎక్కువ భాగం ఆ బసాల్ట్ (పలచటి లావా గట్టిపడిన నల్లరాయి) అరిగి ఏర్పడిందే. జనగామ చెల్క నేల గ్రానైట్ అరిగి వచ్చింది. ఇంకా ఆశ్చర్యం రాజమహేంద్రవరం దగ్గర ఉంది. గౌరీపట్నం, పంగిడి క్వారీల్లోని బసాల్ట్ రసాయన గుణాలు పడమటి కనుమల లావాతో సరిపోలాయి. అంటే ఆ లావా పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి బంగాళాఖాతం దాకా వచ్చిందన్నమాట. పైన పెంకు కట్టి, ఆ పెంకు కింద వేడి పోకుండా పారింది కాబట్టే అంత దూరం రాగలిగింది. భూమి మీద ఇంత పొడవైన లావా ప్రవాహం మరొకటి ఉన్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించలేదు.

మరి ఇప్పుడు మన దగ్గర నిప్పుకొండలు ఎందుకు లేవు? మనం ఉన్నది భూఫలకం (భూమి పైపెంకులోని ఒక పెద్ద పలక) నడిమిన. ఇక్కడి పెంకు పాతది, మందమైనది, చల్లారినది. నిప్పుకొండలు ఎక్కువగా ఫలకాల అంచుల్లో పుడతాయి. మనల్ని మోస్తున్న ఈ ఫలకమే అండమాన్, సుమత్రా తీరాల దగ్గర పక్క ఫలకం కిందికి దూరిపోతోంది. దూరేటప్పుడు సముద్రపు నీటిని రాతిలో పట్టుకొని పోతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతులో ఆ నీరు విడుదలవుతుంది. నీరు తగిలితే వేడి రాయి మామూలుకంటే తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. అలా కరిగింది పైకి వచ్చి అండమాన్‌లోని బ్యారెన్ దీవి అయింది. దక్షిణాసియాలో ఇప్పుడు క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం అదొక్కటే. దాని మీదికి ఎక్కనివ్వరు, పడవలోంచి చూడాల్సిందే. అదే వరుస దక్షిణానికి సాగి సుమత్రా, జావా, బాలి, లొంబోక్ దీవుల నిప్పుకొండలైంది. ఇండోనేషియాలో ఇలాంటివి 127 ఉన్నాయి.

కిలిమంజారో కథ వేరు. దాన్ని అర్థం చేసుకోవడానికి భూపాలపల్లికి రావాలి. కాకతీయ ఖని గనుల్లో సింగరేణి తవ్వే బొగ్గు సుమారు 28 కోట్ల ఏళ్ల కిందటి అడవి. అప్పట్లో గోదావరి వెంట నేల రెండు వైపులకు సాగి నడిమి భాగం కుంగింది. దీన్ని రిఫ్ట్ లోయ (నేల సాగడం వల్ల కుంగిన పొడవాటి పల్లం) అంటారు. ఆ పల్లంలో నదులు ఇసుక నింపాయి. గ్లాసోప్టెరిస్ చెట్ల అడవులు పెరిగి, కూలి, కప్పబడి బొగ్గయ్యాయి. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ కనుగొన్నదీ ఈ లోయ బొగ్గే. ఆ సాగుడు కొంతదూరం పోయి ఆగింది. తూర్పు ఆఫ్రికాలో అలాంటి సాగుడు ఇప్పటికీ జరుగుతోంది. నేల సాగి పలచబడితే లోపలి వేడి రాయి మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే అది కరుగుతుంది. కిలిమంజారో అలా వచ్చింది. అందులో కీబో, మవెంజీ, షీరా అని మూడు శిఖరాలున్నాయి. కీబో ఇప్పుడు నిద్రలో ఉంది కానీ, దాని నోటి (శిఖరం మీది బిలం) దగ్గర ఇంకా వేడి ఆవిర్లు వస్తాయి. భూపాలపల్లి బొగ్గు మీద పుట్టిన పిల్లలు కిలిమంజారో ఎక్కితే, ఒక రిఫ్ట్ నుంచి ఇంకో రిఫ్ట్‌కు పోయినట్టే.

ఇక ఎక్కేవాళ్లకు ప్రాణం మీదికి వచ్చే సంగతులు.

అన్ని మాగ్మాలూ ఒకటి కావు. దక్కన్ లావాలో సిలికా (ఇసుకలో ఉండే ముఖ్యమైన ఖనిజం) తక్కువ. పలచగా ఉండి పారిపోయింది. ఇండోనేషియా మాగ్మాలో సిలికా ఎక్కువ, నీరూ ఎక్కువ. జిగటగా ఉంటుంది. లోపలి వాయువు బయటికి తేలిగ్గా పోలేదు. ఒత్తిడి పెరిగి పెరిగి పేలుతుంది. జావాలోని మెరాపి 2010లో పేలినప్పుడు, వేడి బూడిద, వాయువు కలిసిన మేఘం వాలు వెంట వాహనం కంటే వేగంగా దిగింది. ఆ విస్ఫోటాల్లో 350 మందికి పైగా చనిపోయారు. దాని ముందు పరుగెత్తి తప్పించుకోవడం జరిగే పని కాదు. దూరంగా ఉండటమే రక్షణ.

మాగ్మా పైకి వస్తుంటే సాధారణంగా ముందే తెలుస్తుంది. నేల చిన్నగా కంపిస్తుంది, కొండ కొద్దిగా ఉబ్బుతుంది, వాయువుల పాళ్లు మారతాయి. పరికరాలు వీటిని పట్టుకుంటాయి. పసిగట్టడం కష్టమైంది ఆవిరి పేలుడు. కొండ లోపలికి ఇంకిన వాననీరు వేడిరాయి తగిలి, మూత బిగిసిన చోట ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు మించి పెరుగుతుంది. దీనికి కొత్త మాగ్మా అక్కర్లేదు, కాబట్టి పెద్దగా ముందు గుర్తులూ ఉండవు. 2014 సెప్టెంబర్ 27న జపాన్‌లోని ఒంటాకే ఇలాగే పేలింది. అది శనివారం మధ్యాహ్నం. శిఖరం దగ్గర జనం అన్నాలు తింటున్న వేళ. హెచ్చరిక స్థాయి అన్నింటికంటే కింద ఉంది. 63 మంది చనిపోయారు లేదా దొరకలేదు.

సుమత్రాలోని మరాపి సంగతి మనవాళ్లు మరీ శ్రద్ధగా చూడాలి. ఇండోనేషియాలో హెచ్చరికలు నాలుగు మెట్లు: నార్మల్, వాస్పదా, సియాగా, ఆవాస్. మరాపి 2011 నుంచి 2023 చివరి దాకా రెండో మెట్టు మీద ఉంది. నోటికి 3 కిలోమీటర్ల లోపలికి ఎవరూ పోవద్దని అగ్నిపర్వత విభాగం సూచన. అయినా ఎక్కడానికి అనుమతులు ఇస్తూనే వచ్చారు, జనం పైదాకా పోతూనే వచ్చారు. 2023 డిసెంబర్ 3న అది పేలినప్పుడు కొండ మీద 75 మంది ఉన్నారు. 24 మంది తిరిగి రాలేదు. అనుమతి ఒకరిస్తారు, హెచ్చరిక ఇంకొకరిస్తారు. టికెట్ దొరికిందంటే కొండ భద్రంగా ఉందని అర్థం కాదు. రెండో మెట్టు మీదున్న కొండ చుట్టూ గీసిన హద్దు, పేలుడు ఎప్పుడొస్తుందో చెప్పలేమని ఒప్పుకొని గీసిన హద్దు. అందుకే అది నిన్న ప్రశాంతంగా ఉందన్న మాట లెక్కలోకి రాదు. మాగ్మా ఇండోనేషియా అనే ప్రభుత్వ యాప్‌లో ప్రతి కొండ స్థాయీ, హద్దూ చూడవచ్చు. ఎక్కే ముందురోజు, ఎక్కే రోజు పొద్దున రెండుసార్లూ చూడండి.

తర్వాతిది గాలి. ఇజెన్‌లో కనిపించే నీలిమంట లావా కాదు. వేడి గంధకం వాయువు గాలి తగిలి మండుతుంది. ఆ పక్కనున్న సరస్సు ఆకుపచ్చగా, ఎంతో అందంగా ఉంటుంది. అందులో ఉన్నది గాఢమైన ఆమ్లం. అక్కడ గంధకం ముక్కలు విరిచి భుజాన మోసే కూలీలు ఒక్కో విడతకు 70 కిలోలకు పైగా మోస్తారు. చాలామంది మూతికి గుడ్డ కట్టుకునే పని చేస్తారు. వాళ్లు చేస్తున్నారు కదా అని మనం చేయకూడదు. సల్ఫర్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల తడికి తగిలి ఆమ్లమవుతుంది. మామూలు గుడ్డ దాన్ని ఆపదు. వాయువును పీల్చుకునే ఫిల్టరున్న మాస్క్ కావాలి. ఆస్తమా ఉన్నవాళ్లు కొండ నోటి లోపలికి దిగకపోవడమే మేలు.

గంధకం వాసన కొట్టి హెచ్చరిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌కు వాసన లేదు. గాలికంటే బరువు కాబట్టి పల్లంలో నిలుస్తుంది. పాడుబడ్డ బావిలోకి దిగేముందు మన పెద్దలు లాంతరు దించి చూసేవారు. దీపం ఆరిపోతే దిగేవారు కాదు. నిప్పుకొండ మీది గుంటల్లో, వాగు పల్లాల్లో ఉండేదీ అదే ప్రమాదం, అదే వాయువు. 1979 ఫిబ్రవరిలో జావాలోని దియెంగ్ పీఠభూమిలో చిన్న పేలుడు జరిగింది. భయపడి ఊళ్లు వదిలి పల్లం దారిన పరుగెత్తినవాళ్లు 140 మందికి పైగా ఈ వాయువు నిలిచిన చోట పడిపోయి చనిపోయారు. కాబట్టి గుడారం ఎప్పుడూ గుంటలో వేయకూడదు. గాలి ఆడే గట్టు మీద వేయాలి. చలికి భయపడి పల్లం వెతుక్కోవాలనిపిస్తుంది. అప్పుడే గుర్తుంచుకోవాలి.

వాన సంగతి మన జిల్లాలవాళ్లకు వేరే చెప్పాల్సిన పనిలేదు. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచ వాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మొత్తం మునిగింది. జనం డాబాలెక్కి నిలబడితే హెలికాప్టర్లు, పడవలు రావాల్సి వచ్చింది. మరుసటేడు సెప్టెంబర్ 1న ఆకేరు పొంగింది. మరిపెడ మండలంలో తండాలు నీటిలో చిక్కుకున్నాయి, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. మన వాగుల్లో వచ్చేది నీరు, బురద. అగ్నిపర్వతం వాగుల్లో వచ్చేది లాహార్ (వానకు కదిలిన బూడిద, బండరాళ్ల ప్రవాహం). తడి సిమెంటు కలిపినంత చిక్కగా, ఇళ్లంత బండలను దొర్లించుకుంటూ వస్తుంది. కొండ పేలాక వాలంతా బూడిద పరుచుకొని ఉంటుంది. నెలల తర్వాత కురిసిన వాన దాన్ని దించుతుంది. పైన చెప్పిన మరాపిలోనే 2024 మే 11 రాత్రి ఇలాగే జరిగింది. 60 మందికి పైగా పోయారు. పేలుడులో పోయినవాళ్లకంటే ఇది ఎక్కువ. మీరున్న చోట ఎండ కాస్తున్నా, కొండ మీద మబ్బు నల్లగా ఉంటే వాగు దాటవద్దు. మహబూబాబాద్ మనిషికి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది.

బూడిద విమానాలనూ ఆపుతుంది. బూడిద అంటే పొయ్యిలో బూడిద కాదు, మెత్తటి గాజు పొడి. విమానం ఇంజను వేడికి అది కరిగి లోపల అంటుకుంటుంది. 1982లో జావా మీదుగా పోతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం గలుంగుంగ్ బూడిదలోకి పోగానే నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కిందికి దిగాక మళ్లీ అంటుకొని జకార్తాలో దిగగలిగింది. 2024 నవంబర్‌లో ఫ్లోరెస్ దీవిలోని లెవోటోబి పేలినప్పుడు బాలికి విమానాలు రద్దయ్యాయి, మన దేశపు విమానాలు కూడా అందులో ఉన్నాయి. సెలవు అయిపోయిన మరుసటి రోజే ఆఫీసులో ఉండాలన్న లెక్కతో తిరుగు టికెట్ కొనకండి. రెండు మూడు రోజుల వెసులుబాటు, ఆ రోజులకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో చదవండి. చాలా పాలసీలు ఒక ఎత్తు దాటితే ఒక్క పైసా ఇవ్వవు.

ఇవన్నీ అరుదైన ఆపదలు. ఎక్కువమందిని రోజూ దెబ్బతీసేవి మూడు మామూలు సంగతులు: చలి, నిలవని నేల, పలచని గాలి.

వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. లొంబోక్ తీరంలో 27 డిగ్రీలుంటే, 3,726 మీటర్ల రింజానీ కొస మీద 3 డిగ్రీలుంటుంది. గాలి వీస్తే ఇంకా చలి. ఉష్ణమండలం కదా అని బనియను మీద చొక్కాతో పోయేవాళ్లు తెల్లవారేసరికి వణుకుతారు. రింజానీ చివరి వాలంతా వదులు రాయి, బూడిద. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. అలవాటుగా రాతి మీద పాదం మోపి బరువు వేసే మనకు ఇది కొత్త. గ్రానైట్ కాలిని పట్టుకుంటుంది, బూడిద పట్టుకోదు. దారికి రెండు వైపులా లోయ. 2025 జూన్‌లో బ్రెజిల్ యువతి ఒకరు బృందంతో ఎక్కుతూ అక్కడే జారి పడ్డారు. పొగమంచు, నిలవని వాలు వల్ల రక్షకులు ఆమె దగ్గరికి చేరడానికి రోజులు పట్టింది. ఆమె బతకలేదు. అంతకుముందు 2018 జూలై 29న భూకంపం వచ్చి దారులు తెగిపోతే 500 మందికి పైగా కొండ మీదే ఉండిపోయారు.

నీళ్ల లెక్క కూడా మారుతుంది. మన గుట్టల మీద రాయి నీటిని తాగదు, దొనల్లో నిలుస్తుంది. కోటలన్నీ ఆ దొనల మీదే బతికాయి. నిప్పుకొండ వాలు వాననంతా మింగి, ఎక్కడో అడుగున ఊటగా వదులుతుంది. చాలాచోట్ల పైన చుక్క దొరకదు. కింద నుంచే మోసుకుపోవాలి.

కిలిమంజారో 5,895 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగం. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. శరీరం సర్దుకోగలదు, కానీ దానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య 500 మీటర్లకు మించి పడక ఎత్తు పెంచకూడదని వైద్యుల నియమం. ఐదు రోజుల యాత్ర చౌక, ఎనిమిది రోజులది ఖరీదు. ఆ తేడా డబ్బు శరీరానికి కొనిచ్చే సమయం. తలనొప్పి, వాంతి, తూలుడు మొదలైతే మందు ఒక్కటే, కిందికి దిగడం. కుర్రతనం, కండబలం ఇందులో పనికిరావు. మంచి ఆటగాడికీ రావచ్చు.

ఇక్కడే దోస్తు సంగతి వస్తుంది. పలచని గాలిలో ముందు దెబ్బతినేది ఆలోచన. బాగాలేనివాడికి తనకు బాగాలేదని తెలియదు. పక్కవాడు చూసి చెప్పాలి. చెప్పినా ఒప్పుకోడు. "ఇంత ఖర్చు పెట్టుకొని ఇక్కడిదాకా వచ్చి, వెనక్కి పోతమారా?" అంటాడు. ఆ మాటకు కొండ మీద జవాబు దొరకదు. అందుకే జవాబు కిందే తయారు చేసుకోవాలి. ఎన్ని గంటలకు శిఖరం చేరకపోతే తిరగాలి? ఏ లక్షణం కనిపిస్తే దిగాలి? ఇద్దరిలో ఒక్కరు చాలన్నా ఇద్దరూ దిగాలా? ఇవి ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి, కాగితం మీద రాసుకోండి. ఒకరు దిగితే ఇంకొకరు గైడుతో పైకి పోవచ్చని కొందరంటారు. నేను ఒప్పుకోను. గైడు ఒక్కడే ఉంటే, దిగేవాడు ఒంటరి అవుతాడు.

ఒంటరితనం ఎంత అనుభవజ్ఞుడినైనా ఏం చేస్తుందో తెలుగువాళ్లకు తెలుసు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కారు. అందులో కిలిమంజారో ఉంది, రష్యాలోని ఎల్‌బ్రస్ ఉంది, రెండూ అగ్నిపర్వతాలే. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ మీదికి ఒక్కరే బయలుదేరారు. అదీ అగ్నిపర్వతమే. అది పేలలేదు. వాతావరణం తిరగబడింది. ఏప్రిల్ 3న ఆయన దేహం దొరికింది. అంత నేర్పు ఉన్న మనిషిని తలచుకున్నప్పుడల్లా, పక్కన ఇంకొకరు ఉండి ఉంటే అనిపిస్తుంది.

సాధన ఎక్కడ? మన దగ్గరే. జనగామ నుంచి హైదరాబాద్ రైలెక్కితే దారిలో కనిపించే భువనగిరి గుట్ట ఏకశిల. మలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ రాయి ఎక్కడం నేర్చుకున్నది ఆ గుట్ట మీదే. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలుగా ఇద్దరూ కలిసి డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్ట్ చేరారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. తర్వాత ఆమె కిలిమంజారో, ఎల్‌బ్రస్ కూడా ఎక్కారు. ఎత్తుకు ముందు పునాది రాయి మీద పాదం నిలిపే నేర్పు. అది వాళ్లకు భువనగిరిలో దొరికింది.

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు ఇంకో రకం బడి. అవి ఇసుకరాయి. వేలితో పొరలు లెక్కపెట్టవచ్చు. ఒక్కో పొర ఒకప్పటి నీటి అడుగు. హిమాలయాలకంటే ఎంతో పాతవి. ఆ రాతి కప్పుల కింద ఆదిమ మానవులు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులతో వేసిన దున్నలు, జింకలు, చిరుతలు, విల్లంబులు ఉన్నాయి. వాటిని తాకకండి, వాటి మీద నీళ్లు చల్లి ఫొటో తీయకండి. అటవీశాఖ అక్కడ రాయి ఎక్కడం, తాడుతో దిగడం ఏర్పాటు చేసింది. వాళ్లకు చెప్పకుండా లోపలికి పోవద్దు. ఇసుకరాయి తడిస్తే బలం తగ్గుతుంది, పట్టు ఊడి చేతికి వస్తుంది. వాన వెలిసిన రోజే ఎక్కవద్దు, ఎండనివ్వండి. కొండ తేనెటీగల పట్టు కనిపిస్తే అరవకుండా వెనక్కి రండి.

సంచిలో వేసుకోబోయే బరువంతా వేసుకొని ఇక్కడ ఎక్కండి, దిగండి. దిగడమే ముఖ్యం, మోకాలు దెబ్బతినేది దిగుడులోనే. బూడిద నేల అలవాటుకు గోదావరి ఇసుకలో నడవండి. కాళేశ్వరం దగ్గర ఎండాకాలం కావలసినంత ఇసుక ఉంటుంది. ఒకసారి రాత్రి రెండింటికి లేచి తలదీపం పెట్టుకొని, ఇద్దరే కాకుండా దారి తెలిసిన మనిషిని తీసుకొని, ఏదైనా ఊరి గుట్ట ఎక్కి చూడండి. అగ్నిపర్వతాల శిఖరాలకు బయలుదేరేది ఆ వేళకే. ఆ చీకట్లో మీ దోస్తు ఎలా ఉంటాడో, మీరెలా ఉంటారో ఇద్దరికీ తెలుస్తుంది.

కాలం లెక్క కూడా మనకు కలిసొచ్చింది. రింజానీ దారులను వానల వల్ల మామూలుగా జనవరి నుంచి మార్చి దాకా మూసేస్తారు. మన గుట్టలకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్కడ మే నుంచి సెప్టెంబర్ దాకా ఎండ, మనకు ఆ నెలల్లో సగం వానలు. చలికాలం పాండవుల గుట్టల మీద కాళ్లు తయారు చేసుకొని, వేసవి సెలవుల చివర్లో పోయేవాళ్లకు రెండు చోట్లా పొడి నేలే దొరుకుతుంది.